వాన పాతదే, వరద కొత్తది

నాలా పొంగిన నాలుగో రోజు ఆ కిరాణా కొట్టుకు వెళ్లాం. 2020 అక్టోబరు, హైదరాబాద్. నా వెంట ఇద్దరు విద్యార్థులు, ఒక టేపు, రెండు సుద్దముక్కలు, కాలేజీలో అడిగి తెచ్చుకున్న లెవెలింగ్ పరికరం. మేం వెతుకుతున్నది గోడ మీది బురద గీత. నీళ్లు ఎంత ఎత్తు వచ్చి పోయాయో చెప్పే సాక్షి అదొక్కటే. అలాగని అన్ని గీతలనూ నమ్మడానికి లేదు. వీధి వైపు గోడకు నీళ్లు వడిగా తగిలి పైకి ఎగబాకుతాయి, ఎవరో కారు తోలుకుపోతే అల లేస్తుంది. అక్కడి గీత జానెడు ఎక్కువ చెబుతుంది. కొట్టు వెనక గదిలో, బియ్యం బస్తాలు పేర్చే మూలన, నీళ్లు కదలకుండా నిలబడ్డ చోట ఉన్నదే నికార్సైన గీత. సన్నగా, సూటిగా, కందిపప్పు పొట్టూ థర్మోకోల్ పూసలూ అంటుకుని కనిపించింది. టేపు పెడితే నేల నుంచి నాలుగడుగుల రెండంగుళాలు.

"ముప్పై ఏండ్ల సంది ఈడ్నే ఉంటున్న సార్. గింత వాన ఎన్నడు చూడలె" అన్నాడు కొట్టాయన.

లోపల తడిసిన బట్టలు ఆరేస్తున్న ఆయన భార్య అక్కణ్నుంచే అందుకుంది. "ఎందుకు చూడలె? రెండువేల సంవత్సరంల ఇంతకన్న ఎక్కువనే కొట్టింది. నీళ్లు గడప కాడికొచ్చి ఆగినయ్, అంతే."

ఆయన కాసేపు ఆలోచించి, తలూపాడు. ఈ అధ్యాయమంతా ఆవిడ మాట చుట్టూనే తిరుగుతుంది. బేగంపేట వానమాపకం కూడా ఆవిడ పక్షమే: 2000 ఆగస్టు 24 నాటి వానకు 24 గంటల్లో దాదాపు 24 సెంటీమీటర్లు, 2020 అక్టోబరు 14 ఉదయానికి 19. నగరమంతటా ఇదే లెక్క అనను. 2020లో తూర్పున ఘట్‌కేసర్ వైపు 32 సెంటీమీటర్ల దాకా పడింది, వాన ఎప్పుడూ వీధికో తీరుగా ఉంటుంది. అయినా ఒక మాట మాత్రం గట్టిగా చెప్పొచ్చు. వాన ఎంత అరుదైనదో, దానివల్ల వచ్చిన వరద కూడా అంతే అరుదైనదని అనుకోవడం పట్నంలో చెల్లదు. పదేళ్లకోసారి పడే వాన, ఊళ్లో ఎవరూ ఎరగని వరదను తేగలదు. ఎందుకో చూడాలంటే ముందు ఈ "ఎన్నేళ్లకోసారి" అనే లెక్క ఎక్కడినుంచి వచ్చిందో చూడాలి.

లెక్క కట్టే పద్ధతి పైకి చాలా సులువు. ఒక నది దగ్గర ఏటా వచ్చిన అతి పెద్ద ప్రవాహాన్ని రాసిపెట్టుకోండి, ఏడాదికి ఒక్క అంకె. 24 ఏళ్లయ్యాక వాటిని పెద్దదాని నుంచి చిన్నదాని దాకా వరసలో పెట్టండి. ఏళ్ల సంఖ్యకు ఒకటి కలిపి, వరస సంఖ్యతో భాగించండి. అన్నిటికన్నా పెద్దది 25 ఏళ్ల వరద అవుతుంది, రెండోది పన్నెండున్నర ఏళ్లది, అయిదోది అయిదేళ్లది. ఈ చుక్కలన్నీ ఒక గ్రాఫు కాగితం మీద పెట్టి, గీత కలిపి, ఆ గీతను ముందుకు పొడిగిస్తే 50 ఏళ్ల వరద, 100 ఏళ్ల వరద ఎంతుంటాయో తెలుస్తుంది. పొడిగించడంలోనే ఉంది తంటా. చేతిలో ఉన్నది 24 ఏళ్ల చరిత్ర, అడుగుతున్నది నూరేళ్ల సంగతి.

ఆ గీతను ఏ వంపుతో పొడిగించాలో చెప్పినవాళ్లలో ముఖ్యుడు ఎమిల్ గుంబెల్ అనే జర్మన్ గణిత శాస్త్రజ్ఞుడు. ఇతని కథ నదులతో మొదలు కాలేదు. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత జర్మనీలో జరిగిన రాజకీయ హత్యలను ఒక్కొక్కటే లెక్కపెట్టి, ఎవరు చంపితే ఎంత శిక్ష పడిందో పట్టికలు వేసి 1922లో పుస్తకం అచ్చేశాడు. మితవాదులు చేసిన హత్యలు 354, వామపక్షం వాళ్లు చేసినవి 22. శిక్షలు మాత్రం తిరగబడి ఉన్నాయి. నాజీలు ఊరుకుంటారా? హైడెల్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో ఉద్యోగం పోయింది, తర్వాత పౌరసత్వం పోయింది. ఫ్రాన్సుకు, అక్కడినుంచి 1940లో అమెరికాకు చేరాడు. మరుసటి ఏడే వరదల పునరావృత కాలం మీద ఇతని ప్రసిద్ధ పత్రం వచ్చింది. మన ఇంజనీరింగ్ కాలేజీల్లో ఇప్పటికీ "గుంబెల్ పద్ధతి" అని బట్టీ పట్టిస్తారు. మనిషి గురించి ఒక్క ముక్క చెప్పరు.

"నూరేళ్ల వరద" అన్న పేరంత తప్పుదారి పట్టించేది ఇంకోటి లేదు. ఒక డబ్బాలో 100 చీట్లు వేసి, ఒక్క చీటీ మీద ఎర్ర గీత పెట్టారనుకోండి. ప్రతి జూన్‌లో కళ్లు మూసుకుని ఒకటి తీసి, చూసి, మళ్లీ డబ్బాలో వేయాలి. ఎర్ర చీటీ ఈ ఏడు వచ్చిందని వచ్చే ఏడు రాకుండా పోదు. ఇరవై ఏళ్ల ఇంటి అప్పు తీరేలోగా అది కనీసం ఒక్కసారి చేతికి తగిలే అవకాశం 18 శాతం. నూరేళ్లు తీసినా తప్పకుండా వస్తుందని లేదు, 63 శాతమే.

డబ్బాలో చీట్లు మారనంత కాలం ఇదంతా బాగానే ఉంటుంది. గుంబెల్ లెక్కకు పునాది అదే: అన్ని ఏళ్ల వరదలూ ఒకే డబ్బాలోంచి రావాలి. అడవిలో పారే వాగుకు ఈ మాట చాలావరకు సరిపోతుంది. పట్నం నాలా సంగతి అలా కాదు. 1990లో ఆ నాలాకు పైన జొన్న చేలు, సీతాఫలం పొదలు, రెండు కుంటలు. 2020లో అదే నేల మీద అపార్ట్‌మెంట్లు, సీసీ రోడ్లు, ఒక ఫంక్షన్ హాలు. పేరు అదే, దారి దాదాపు అదే, కానీ ప్రవాహం లెక్కన అది వేరే వాగు. ఆ ముప్పై ఏళ్ల అంకెలను ఒక వరసలో పెట్టడమంటే తండ్రి రక్తపోటునూ కొడుకు రక్తపోటునూ ఒకే చీటీ మీద రాసి సగటు తీయడమే.

అసలు ఆ అంకెలు ఉంటే కదా! పెద్ద నదుల మీద ప్రవాహాన్ని కొలిచే కేంద్రాలుంటాయి. కాలనీల మధ్య పారే నాలాల్లో ఏళ్ల తరబడి కొలిచిన లెక్కలు మన నగరాల్లో దొరకడం చాలా అరుదు. అందుకే వరద పోయాక సుద్దముక్క పట్టుకుని తిరగాల్సి వస్తుంది. గీత ఎత్తు రెండు చోట్ల దొరికితే నీటి మట్టం వాలు తెలుస్తుంది. నాలా అడ్డుకోత గీస్తే ఎంత వెడల్పున, ఎంత లోతున పారిందో తెలుస్తుంది. ఇక మిగిలింది వేగం. దానికి 1889లో ఐర్లండ్ ఇంజనీరు రాబర్ట్ మానింగ్ చెప్పిన సూత్రం ఉంది: వాలు పెరిగితే వేగం పెరుగుతుంది, గరుకు పెరిగితే తగ్గుతుంది. గరుకు ఎంత అన్నదాన్ని మాత్రం కంటితో చూసి అంచనా వేయాలి. సిమెంటు కాలువకు ఎంత, గడ్డి మొలిచిన మట్టి కాలువకు ఎంత అని పుస్తకాల్లో పట్టికలున్నాయి. మూడు ఆటోలు, ఒక పడిపోయిన ప్రహరీ గోడ, పరుపుల కొట్టులోంచి కొట్టుకొచ్చిన పరుపులు అడ్డంపడ్డ వీధికి ఎంత గరుకో ఏ పట్టికలోనూ లేదు. ఇలా తీసిన అంకె అటూ ఇటూ పాతిక శాతం తప్పినా నేను ఆశ్చర్యపోను. అలాంటి అంకెను దశాంశాలతో సహా నివేదికలో రాసేవాళ్లను చూస్తేనే ఆశ్చర్యం.

ఈ సుద్దముక్కల పనికి హైదరాబాద్‌లో గొప్ప చరిత్రే ఉంది. 1908 సెప్టెంబరు 28న మూసీ నగరం మీద పడింది. చనిపోయినవాళ్లు సుమారు 15,000 మంది అంటారు. అఫ్జల్‌గంజ్ దగ్గర చింతచెట్టెక్కి 150 మంది దాకా బతికి బయటపడ్డారు. మరుసటి ఏడు నిజాం ప్రభుత్వం పిలిస్తే మోక్షగుండం విశ్వేశ్వరయ్య వచ్చి, ముందు ఆనకట్టల ఊసెత్తకుండా లెక్కలు తీశాడు. షంషాబాద్‌లో 24 గంటల్లో 12.8 అంగుళాల వాన. నగరానికి పైన మూసీ పరీవాహకం 862 చదరపు మైళ్లు. వరద ఉచ్చస్థితిలో ప్రవాహం 4,25,000 క్యూసెక్కులు.

ఈ చివరి అంకె దగ్గర కాస్త ఆగుదాం. ఆ రోజుల్లో మద్రాసు ప్రెసిడెన్సీ ఇంజనీర్లు వరదను అంచనా కట్టడానికి రైవ్స్ సూత్రం వాడేవారు: పరీవాహక విస్తీర్ణాన్ని మూడింట రెండో ఘాతానికి ఎత్తి, ఆ ప్రాంతపు గుణకంతో హెచ్చవేయడమే. వాన ఊసే ఉండదందులో. కొండల దగ్గరి చిన్న పరీవాహకాలకు చెప్పిన అతి పెద్ద గుణకం, 675, పెట్టినా 862 చదరపు మైళ్లకు 61,000 క్యూసెక్కులు వస్తాయి. ఉత్తరాదిన వాడే డికెన్స్ సూత్రం ఆయన మొదట చెప్పిన గుణకంతో 1,31,000 దాకా వెళుతుంది. తర్వాతి రోజుల్లో హైదరాబాద్ రాష్ట్ర చీఫ్ ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ ఈ నేలకు తగ్గట్టు తానే ఒక సూత్రం కట్టాడు, అది రెండు లక్షలు దాటుతుంది. జరిగింది మాత్రం నాలుగుంపావు లక్షలు. రైవ్స్ చెప్పినదానికి ఏడు రెట్లు!

సూత్రాలు ఎందుకంత తప్పాయన్నదానికి జవాబులో ఒక ముఖ్యమైన భాగం విశ్వేశ్వరయ్య లెక్కల్లోనే ఉంది. ఆ పరీవాహకంలో 788 చెరువులున్నాయి, దాదాపు చదరపు మైలుకొకటి. ఆ వరదలో 221 తెగిపోయాయి. మనవి గొలుసుకట్టు చెరువులు, ఒకదాని మత్తడి దుంకితే ఆ నీళ్లు కిందిదాంట్లోకి పోతాయి. మామూలు ఏళ్లలో ఈ గొలుసు వరదను మింగుతుంది. ఒక స్థాయి దాటాక పైచెరువు కట్ట తెగితే కిందిది తట్టుకోలేదు, దాని కింది చెరువూ నిలవదు. గొలుసు అంతదాకా దాచుకున్న నీళ్లన్నీ ఒక్కసారిగా వదిలేస్తుంది. కాబట్టి కట్టలు తెగని ఏళ్ల వరదలు ఒక డబ్బా చీట్లు, తెగిన ఏడాది వరద వేరే డబ్బాది. మొదటి డబ్బాలోని చీట్లను ఎన్నేళ్లు తిరగేసినా రెండో దాన్ని ఊహించలేం. 2020 అక్టోబరులో మొదటి వాన తగ్గిన మూడు రోజులకు బాలాపూర్ వైపు గుర్రం చెరువు కట్ట తెగినప్పుడు కింది కాలనీలకు వచ్చినది ఈ రెండో రకం వరదే.

1908 తర్వాత కట్టిన ఉస్మాన్ సాగర్ (1920), హిమాయత్ సాగర్ (1927) మూసీ, ఈసీ వరదలకు పగ్గం వేశాయి. కానీ అవి నగరానికి పడమర, పైభాగాన ఉన్నాయి. ఇప్పుడు నగరం మీదే పడి, నగరపు నాలాల్లోంచే మూసీలో కలిసే నీళ్లను అవేం చేయగలవు? ఆ నీళ్లు వాటి దాకా వెళ్లవు.

కొలతలు లేని నాలా వరదను కట్టే సూత్రం కూడా ఐర్లండ్ నుంచే వచ్చింది. 1851లో మల్వనీ అనే ఇంజనీరు చెప్పాడు, 1889లో అమెరికాలోని రోచెస్టర్‌లో కుయిచ్‌లింగ్ మురుగు కాలువల కోసం దాన్ని స్థిరపరిచాడు. క్యూ = సి × ఐ × ఏ. మా విద్యార్థులు "సీఐఏ" అని గుర్తుపెట్టుకుంటారు. ఏ అంటే విస్తీర్ణం. ఐ అంటే వాన జోరు, గంటకు ఎన్ని మిల్లీమీటర్లని. సి అంటే పడ్డ వానలో పారిపోయే వాటా. మట్టిలో ఇంకేది, ఆకుల మీద, గుంటల్లో ఆగేది పోను మిగిలినది.

ఒక చదరపు కిలోమీటరు నేల తీసుకుందాం. చేలుగా ఉన్నప్పుడు సి 0.3 అనుకోండి. దూరపు మూలన పడ్డ చినుకు గట్లు దాటుకుంటూ, గడ్డిలో నిలిచి నిలిచి నాలా మూతి దగ్గరకు రావడానికి గంట పడుతుంది. కాబట్టి గంటసేపు నిలిచే వాన జోరే లెక్కలోకి వస్తుంది, 50 మిల్లీమీటర్లు అనుకుందాం. హెచ్చవేసి, కొలతల ప్రమాణాలు కుదరడానికి 3.6తో భాగిస్తే సెకనుకు 4.2 ఘనపు మీటర్లు.

ఇప్పుడు దాన్ని కాలనీ చేయండి. డాబాలు, సిమెంటు రోడ్లు, టైల్స్ వేసిన వాకిళ్లు: సి 0.85 అయింది. వాన మారకపోతే ప్రవాహం 11.8 అవుతుంది. చాలామంది ఇక్కడితో ఆపేస్తారు, ఇంకా సగం కథ ఉంది. డాబా మీది గొట్టంలోంచి రోడ్డు మీదికి, అక్కడినుంచి పైపులోకి దిగిన నీరు గంటలో కాదు, 25 నిమిషాల్లో నాలా మూతికి చేరుతుంది. అప్పుడు గంటసేపటి జోరు కాదు, 25 నిమిషాల జోరు లెక్కలోకి రావాలి. ఏ వానైనా తక్కువసేపట్లో ఎక్కువ జోరుగా కొడుతుంది. మన ఎండాకాలపు గాలివాన అరగంటలో చేసే వీరంగం తెలిసిందే. అదే అరుదుదనం ఉన్న వానకు 25 నిమిషాల జోరు గంటకు 80 మిల్లీమీటర్లు అనుకుంటే ప్రవాహం 18.9. నాలుగు పాయింట్ రెండు నుంచి పద్దెనిమిదిన్నర దాటి! ఆకాశంలో ఏమీ మారలేదు. నాలుగున్నర రెట్లు పెంచింది నేల మీద మనం పోసిన సిమెంటూ, మనం వేసిన పైపులూ.

ఈ పెరుగుదల అన్ని వరదలకూ ఒకే తీరుగా ఉండదు. బ్రిటిష్ భౌగోళిక శాస్త్రజ్ఞుడు హాలిస్ 1975లో అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను కలిపి చూశాడు. నగరీకరణ వల్ల తరచూ వచ్చే చిన్న వరదలు పది రెట్ల దాకా పెరగవచ్చు, నూరేళ్ల వరద మాత్రం 30 శాతం నేలకు గచ్చు వేస్తే రెట్టింపు కావచ్చు. కారణం ఊహించడం కష్టం కాదు. నూరేళ్లకోసారి పడే జడివానలో చేను కూడా నానిపోయి, ఇంకేం ఇంకించుకోలేక సిమెంటులాగే ప్రవర్తిస్తుంది. ఏటా పడే వానను మాత్రం చేను మింగేసేది, రోడ్డు మింగదు. అందుకే పట్నంలో జనాన్ని ఎక్కువగా వేధించేది చరిత్రకెక్కే మహా వరద కాదు. ఏటా ఆగస్టులో మోకాలి లోతున వచ్చి, మోటారు బండిని పాడుచేసి పోయే వరద. నిజానికి కొట్టావిడ చెప్పిన "గడప కాడ" వరద ఇప్పుడు ఏడాదికి రెండుసార్లు వస్తోందట.

కాలువల సంగతి చూస్తే మన నగరాల్లో వాన నీటి కాలువలను గంటకు 12 నుంచి 20 మిల్లీమీటర్ల జోరుకే కట్టారని 2010లో జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ నగర వరదల మీద ఇచ్చిన మార్గదర్శకాల్లోనే రాసుకుంది. పై లెక్కలో 80 ఎక్కడ, ఈ 20 ఎక్కడ! అదీ కాలువ శుభ్రంగా ఉంటే. నాలుగు మీటర్ల వెడల్పు, రెండు మీటర్ల లోతు ఉన్న పెట్టె కాలువలో నీళ్లు సెకనుకు రెండు మీటర్ల వేగంతో పారితే 16 ఘనపు మీటర్లు పోతాయి. అడుగున మీటరు మట్టి పేరుకుంటే, ఆ వేగమే ఉన్నా, ఎనిమిది. దానికి అడ్డంగా ఒక మంచినీళ్ల పైపు, ఆ పైపుకు చుట్టుకున్న పాత చీరలు, కొబ్బరి బోండాలు చేరితే ఎంతో చెప్పడం మానింగ్ వల్ల కూడా కాదు.

"మరి నాలా వెడల్పు చేస్తే సరి" అంటారు. కొంతవరకు సరే. కానీ ఇరుకు మోరీ దగ్గర ఆగి వీధిలో నిలబడ్డ నీళ్లు, ఆ మోరీ వెడల్పు కాగానే ఆగకుండా కిందికి దూకుతాయి. పై కాలనీ తేరుకుంటుంది, కింది కాలనీ మునుగుతుంది. కింది కాలనీ వరద లెక్క మళ్లీ మొదటికొస్తుంది.

నాకు మాత్రం మన పాత కుంటల లెక్క కట్టడమంటే ఇష్టం. అదే చదరపు కిలోమీటరు మీద 25 నిమిషాలు గంటకు 80 మిల్లీమీటర్ల జోరున కురిసిన వానలో పారిపోయే నీరంతా కలిపితే 28,000 ఘనపు మీటర్లు. అయిదు హెక్టార్ల కుంట ఒకటి దారిలో ఉండి, అందులో ఖాళీ ఉంటే, ఈ నీళ్లన్నీ చేరినా దాని మట్టం లేచేది 57 సెంటీమీటర్లు, రెండడుగుల లోపు. మత్తడి మీదుగా మెల్లగా, గంటల తరబడి దిగిపోతుంది. వరద పరిమాణమంతా కాకపోయినా దాని శిఖరం తెగిపోతుంది. అయితే "ఖాళీ ఉంటే" అన్నమాట ముఖ్యం. ఏడాది పొడవునా మురుగుతో నిండుగా ఉన్న చెరువు వరదకు పనికిరాదు. పైపెచ్చు దాని కట్ట ఎలా ఉందో కూడా చూసుకోవాలి, లేకపోతే రెండో డబ్బా తెరుచుకుంటుంది.

2008లో కొందరు జలశాస్త్రజ్ఞులు సైన్స్ పత్రికలో ఒక వ్యాసం రాశారు. రేపటి నీళ్లు నిన్నటి నీళ్లలాగే ఉంటాయన్న నమ్మకం చచ్చిపోయిందని దాని శీర్షికలోనే చెప్పారు. వాళ్లు ప్రధానంగా మాట్లాడింది మారుతున్న వాతావరణం గురించి. పట్నం నాలా గురించి తెలిసినవాళ్లకు ఆ నమ్మకం అంతకు చాలా ముందే పోయింది. అందుకే ఈ పని చేసేవాళ్లు ఇప్పుడు పాత వరదల వరసను నేరుగా పొడిగించరు. వాన లెక్కలు తీసుకుని, వాటిని ఇవాళ్టి నేల మీద కంప్యూటర్లో కురిపించి చూస్తారు. రేపు కట్టబోయే ఇళ్లను కూడా వేసి ఇంకోసారి కురిపిస్తారు. వచ్చిన జవాబు నిజమో కాదో తేల్చడానికి మాత్రం మళ్లీ గోడ మీది గీతే దిక్కు.

ఏడాది తర్వాత ఆ కొట్టుకు మళ్లీ వెళ్లాను. దసరాకు సున్నం వేశారు. గీత లేదు, మా సుద్ద గుర్తూ లేదు. నా ముఖం చూసి కొట్టాయన నవ్వి, వెనక గదిలోకి తీసుకుపోయాడు. సున్నం వేసేముందు గీత ఉన్న చోట ఆయన భార్య ఒక మేకు కొట్టించిందట. టేపు పెట్టి చూశాను, నాలుగడుగుల రెండంగుళాలే. ఆ మేకుకు పురికొసతో కట్టిన ఉద్దెర ఖాతా పుస్తకం వేలాడుతోంది.